సీడీ ఆంటీ

పోయిన నెల మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నా పళ్ళెం తరంగం ట్రాక్ ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. అక్కడ వాళ్ళ అపార్ట్‌మెంట్ పిల్లలు ఓ పదిమందికి శనాదివారాల్లో కూచిపూడి నేర్పుతోంది. వాళ్ళలో పెద్దపిల్ల ఇత్తడి పళ్ళెం ఎక్కి దాని అంచుల మీద ఆడే దాకా వచ్చిందట. అమ్మాయి దగ్గరున్నది ఎప్పుడో ఎవరో ఫోన్లో పంపిన ఎంపీత్రీ. "తాళాలు మోగాల్సిన చోట అప్పడాలు వేగుతున్నట్టుందమ్మా" అంది.

ట్రాక్ ఉందో లేదో నాకూ తెలియదు. ఉంటే ఎక్కడుంటుందో మాత్రం తెలుసు. బీరువా మీద, పాత మిక్సీ అట్టపెట్టెలో. మా ఆయన స్టూలెక్కి దించి, తుమ్మి, "ఇవింకా పారేయలేదా" అన్నారు. నూటముప్ఫైకి పైనే సీడీలు. అన్నిటి మీదా నా చేతిరాతే. 'జతిస్వరం, నెమ్మది'. 'శబ్దం, రెండో చరణం లేదు'. 'తిల్లానా ఫైనల్'. 'తిల్లానా ఫైనల్ 2'. 'తిల్లానా, ఇదే వాడాలి'.

సీడీలైతే ఉన్నాయి, పెట్టి వినడానికి ఇంట్లో చోటు లేదు. లాప్‌టాప్‌కి డ్రైవ్ లేదు. కారు మార్చినప్పుడు అందులో ప్లేయరూ పోయింది. మర్నాడు ఆఫీసు నుంచి అటే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ కావాలంటే, కొట్లో కుర్రాడు కిరసనాయిల్ స్టవ్ వత్తులు అడిగినట్టు చూశాడు. నాలుగో కొట్లో దొరికింది. ఒకప్పుడు ఆ వీధిలో నేను మంచి గిరాకీని. యాభై ఖాళీ సీడీల డబ్బా కొనుక్కుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చేదాన్ని, పెరుగు గిన్నె పట్టుకున్నట్టు.

నేను అకౌంట్స్ మనిషిని. నెల్లూరు నుంచి పెళ్ళి చేసుకుని చెన్నై వచ్చాను. గిండీలో ఉద్యోగం, విరుగంబాక్కంలో ఇల్లు. వెంపటి చినసత్యం గారు 1963లో ఈ ఊళ్ళో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన పుణ్యాన ఇక్కడ కూచిపూడి క్లాసులకి కరువు లేదు. మా అమ్మాయి వెళ్ళే క్లాసు మా రెండో వీధిలో, ఒక మేడ మీద రేకుల షెడ్డులో జరిగేది. టీచర్ గారు మా అమ్మ వయసావిడ. అరంగేట్రం లాంటి పెద్ద కార్యక్రమానికైతే గాయకురాలు, మృదంగం, వయొలిన్, వేణువు అంతా ఎదురుగా కూర్చుంటారు. నవరాత్రికి గుళ్ళో అరగంట, ఉగాదికి పావుగంట, స్కూల్ వార్షికోత్సవంలో ఐదు నిమిషాలు లాంటి వాటికి అంతమందిని పిలిచే స్తోమత ఎవరికుంటుంది? అందుకని టీచర్ గారు కోడంబాక్కంలో ఒక స్టూడియో తీసుకుని, వాద్యాల వాళ్ళందరినీ కూర్చోబెట్టి, తానే తాళాలు వాయిస్తూ జతులు చెప్పి, అంటే నట్టువాంగం చేసి, పన్నెండు ఐటాలు రికార్డు చేయించుకున్నారు. ఆ ఒక్క సీడీయే క్లాసంతటికీ ఆస్తి.

గొడవ ఏమిటంటే, ప్రతి కార్యక్రమానికీ నిడివి మారుతుంది. ఆరేళ్ళ పిల్లలకి వేగం తగ్గాలి, పోటీకి పాట కుదించాలి. మార్పు కావాల్సినప్పుడల్లా స్టూడియోకి పరిగెత్తాలి. వాళ్ళు గంటల లెక్కన వసూలు చేసేవాళ్ళు. 2003లో మేం కంప్యూటర్ కొన్నాం. పెంటియం 4, నలభై జీబీ హార్డ్ డిస్క్, సీడీ రైటర్. ఆ సంగతి మా అమ్మాయి క్లాసులో చెప్పేసింది. "సీడీలు రాయగలవా అమ్మా?" అని టీచర్ గారు అడిగారు. "చేస్తానండీ" అన్నాను. ఏం చేయాలో నాకు బొత్తిగా తెలియదు.

మొదటిరోజే పరువు పోయింది. సీడీ పెట్టాను, పన్నెండు ఫైళ్ళు కనబడ్డాయి, అన్నీ పట్టి డెస్క్‌టాప్ మీద పడేశాను. ఒక్క సెకనులో అయిపోయింది. ఇంత తేలికా అనుకుని అదే సాయంత్రం సీడీ టీచర్ గారికి ఇచ్చేశాను. రాత్రి పాట నొక్కితే "డిస్క్ పెట్టండి" అంటుంది. చూద్దును కదా, ఒక్కో ఫైలూ 44 బైట్లు. పన్నెండు పాటలూ కలిపి 528 బైట్లు, ఒక పోస్టుకార్డు మీద రాసినంత. ఆ సీడీఏ ఫైళ్ళలో పాట ఉండదట, పాట డిస్క్ మీద ఎక్కడ మొదలవుతుందో ఆ గుర్తు మాత్రమే ఉంటుందట. డోర్ నంబరు రాసుకొచ్చి ఇల్లే తెచ్చుకున్నాననుకున్నాను.

కింద పోర్షన్లో ఇంజనీరింగ్ చదివే తమిళ కుర్రాడొకడు ఉండేవాడు. అతనే పాటల్ని కోసి అతికించే ఆడాసిటీ అనే ప్రోగ్రాం వేసి పెట్టి, సీడీలోంచి పాటను పాటగా తీయడం నేర్పాడు. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, కుడికొకటి ఎడమకొకటి 16 బిట్ల అంకె రాసుకోవడం, ఆడియో సీడీ అంటే అంతే. నిమిషానికి పది ఎంబీ పైచిలుకు. ఈ అంకెలు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సంగీతం నాకు రాదు, అంకెలు వచ్చు.

వచ్చు కాబట్టే ఒక లెక్క దగ్గర ఇరుక్కుపోయాను. సీడీ మీద '700 ఎంబీ, 80 నిమిషాలు' అని ఉంటుంది. 80 నిమిషాల పాటలు నిమిషానికి పది చొప్పున 800 ఎంబీ పైనే అవ్వాలి కదా? ఏ ఖాతాలోనో వంద ఎంబీ తేడా వస్తుంటే నిద్ర పట్టదు నాకు. ఆ కుర్రాడు కూర్చోబెట్టి చెప్పాడు. డిస్క్ మీద సెకనుకి 75 గదులు ఉంటాయి. పాట అయితే ఒక్కో గదిలో 2352 బైట్లూ నిండా వేస్తారు. మామూలు ఫైళ్ళయితే 2048 మాత్రమే వేసి, మిగతాది ఎక్కువగా తప్పులు సరిచూసుకునే లెక్కలకి వాడతారు. ఎక్సెల్ షీటులో ఒక అంకె మారితే కొంప మునుగుతుంది, పాటలో ఒక అంకె మారితే చెవికి ఆనదు అని సీడీ తయారుచేసినవాళ్ళ నమ్మకం. ఖాతా సరిపోయింది. దాంతోపాటు ఇంకోటి కూడా అర్థమైంది. గీత పడ్డ చోట ఆడియో సీడీ "చదవలేకపోయాను" అని చెప్పదు. పక్క అంకెల్ని చూసి మధ్యలోది ఊహించేస్తుంది. ఆడిట్‌లో అలాంటివాణ్ణి చాలా మందిని చూశాను.

అందుకని తర్వాత ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఇంకో ప్రోగ్రాం పట్టుకున్నాను. దాన్ని భద్రంగా చదివే పద్ధతిలో పెడితే ప్రతి ముక్కనీ రెండేసి సార్లు చదివి పోల్చుకుంటుంది, తేడా వస్తే మళ్ళీ మళ్ళీ చదువుతుంది. క్లాసులో పదిమంది చేతులు మారి, ఒకసారి సాంబారు చుక్కలు కూడా పడ్డ టీచర్ గారి సీడీలో ఆరు నిమిషాల 'శబ్దం' ఐటం తీయడానికి ముప్పావుగంట పట్టింది. పొయ్యి మీద కందిపప్పు, పక్కగదిలో గిర్రుగిర్రుమంటూ డ్రైవు. రెండూ ఒకేసారి ఉడికాయి.

అసలు పని కోత. ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్యా రెండు భాషలు నడిచేవి. తెలుగూ తమిళమూ కాదు. టీచర్ గారు ఎప్పుడూ సెకన్లు అనరు. "అనుపల్లవి రెండోసారి వచ్చాక, ఆ పెద్ద సంగతి తీసేసి, ముక్తాయింపులో పడెయ్యమ్మా" అంటారు. కంప్యూటర్‌కి ముక్తాయింపు తెలియదు, దానికి తెలిసింది నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. మధ్యలో నేను. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలకి ఒక ఆవర్తనం. మా తరంగం నడకలో ఆవర్తనానికి ఆరు సెకన్లు పట్టేది. అంటే ఎంత కోసినా ఆరు గుణిజాల్లోనే కోయాలి. ఐదు సెకన్లు కోస్తే వినేవాడికి ఏదో వెలితిగా ఉంటుందేమో కానీ, ఆడేవాళ్ళకి పాదం కింద నేల తీసేసినట్టే. అదీ కచ్చితంగా ఆరు కాదు. మనుషులు వాయించింది కదా, ఒకటి 5.9 ఉంటుంది, ఇంకోటి 6.1 ఉంటుంది. కాబట్టి గడియారాన్ని నమ్మకుండా సమం, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ, ఎక్కడ పడిందో విని, అక్కడ గుర్తు పెట్టుకోవాలి. తాళం వేయడం నాకు రాదు. మా అమ్మాయి పక్కన కూర్చుని తొడ మీద వేసేది, నేను ఒక్కో సమానికీ మౌస్ నొక్కేదాన్ని.

మొదట్లో కోసిన చోటల్లా 'టిక్' మని వినబడేది. తెర మీద శబ్దం అలలా కదులుతుంటుంది కదా, ఆ అల గీతకి పైనున్నప్పుడు ఒకవైపు, కిందున్నప్పుడు ఇంకోవైపు కోసి అతికిస్తే ఆ మెట్టు దిగడమే టిక్కు. అల సరిగ్గా సున్నా గీతను దాటే చోట కోయాలి. ఆడాసిటీలో జెడ్ నొక్కితే దగ్గర్లో ఉన్న అలాంటి చోటికి తానే జరుగుతుంది. టిక్కు పోయింది. అయినా అతుకు తెలిసేది, ఎందుకంటే వెనకాల తంబూర సాగుతూ ఉంటుంది, గాయకురాలి గొంతు గదిలో ఇంకా మోగుతూ ఉంటుంది. చాలా రాత్రుళ్ళు పాడుచేసుకున్నాక ఒక ఉపాయం దొరికింది. సమం మీద మృదంగం, తాళాలు కలిసి పడతాయి చూడండి, ఆ దెబ్బకి వెంట్రుకవాసి ముందు కోయాలి. ఆ మోతలో అతుకు మునిగిపోతుంది. చీర అంచు దగ్గర కుట్టు వేసినట్టు.

పోటీకి తరంగం ఎనిమిది నిమిషాలు దాటకూడదన్నారు. మాది 9 నిమిషాల 10 సెకన్లు. పన్నెండు ఆవర్తనాలు తీస్తే 72 సెకన్లు, మిగిలేది 7 నిమిషాల 58. కాగితం మీద అద్భుతంగా కుదిరింది. ఒక చరణం మొత్తం లేపేద్దామన్నాను. టీచర్ గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. "ఆ చరణంలో కృష్ణుడు మన్ను తింటాడమ్మా. తినకపోతే తర్వాత నోరెందుకు తెరుస్తాడు?" నిజమే. ఒక్కో చరణానికీ ఒక్కో రాగం కూడాను, ఒకటి లేపేస్తే పక్క రాగాలు రెండూ ఢీకొంటాయి. అందుకని మళ్ళీ మళ్ళీ పాడిన పంక్తుల్లో ఎనిమిది ఆవర్తనాలు తీశాం. మిగతా నాలుగూ పళ్ళెం మీద నడిచే భాగంలో, దిగే ముందు. ఆ నాలుగు నన్ను ఏడిపించాయి. అక్కడ వేణువు స్వరం సమం దాటి అవతలికి సాగుతుంది. ఎక్కడ కోసినా గొంతు నొక్కినట్టు టక్కున తెగుతుంది. మూడు రాత్రులు చూశాను. ఆఖరికి టీచర్ గారే విని, "పోనీలే, పళ్ళెం చప్పుడులో ఎవరికి వినబడుతుంది" అన్నారు.

వేగం తగ్గించడంలోనూ ఒక ముచ్చట ఉంది. చిన్నపిల్లల కోసం పదిశాతం తగ్గించమంటే, నేను స్పీడు తగ్గించాను. పాటతో పాటు శ్రుతి కూడా దిగింది, దాదాపు రెండు స్వరస్థానాలు. క్లాసులో పెట్టగానే టీచర్ గారు, "ఇదెవరు పాడారు, ఈయన్ని నేను పిలవలేదే!" అన్నారు. స్పీడు వేరు, టెంపో వేరని అప్పుడు తెలిసింది. టెంపో తగ్గిస్తే శ్రుతి నిలుస్తుంది కానీ, శబ్దాన్ని ముక్కలు చేసి సాగదీస్తుంది కాబట్టి మృదంగం దెబ్బ రెండుగా వినబడుతుంది. బురదలో వాయించినట్టుంది అన్నారావిడ. సాధనకి సరే, వేదిక మీదికి వద్దు అని తీర్పు. ఆ తీర్పుతో నేను ఇప్పటికీ ఏకీభవిస్తాను.

ఎంపీత్రీల మీద మాత్రం ఆవిడ కంటే నేనే కఠినం. ఒకావిడ కూతురి పాట ఎంపీత్రీగా తెచ్చి, "దీన్నే సీడీ చేసెయ్యండి" అంటే, చేస్తే వస్తుంది, ప్లేయర్ పాడుతుంది కూడా. పోయినది మాత్రం తిరిగి రాదు. ఎంపీత్రీ శబ్దాన్ని 1152 అంకెల కట్టలుగా తీసుకుని, చెవికి పట్టవనుకున్నవి తీసేస్తుంది. సెకనుకి 128 కిలోబిట్ల దగ్గర మరీ పిసినారితనం. గొంతుకి ఫర్వాలేదు, తాళాల దెబ్బ దగ్గర దొరికిపోతుంది. దెబ్బ పడకముందే ఒక రకమైన 'ఛ్' మొదలవుతుంది. నాట్యానికి తాళాలే ప్రాణం. అందుకే మా అమ్మాయికి అప్పడాలు వేగినట్టనిపించింది.

సీడీలు రాయడానికి నీరో అనే ప్రోగ్రాం వాడేవాళ్ళం. పూర్తి పేరు నీరో బర్నింగ్ రోమ్. రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించాడనే చక్రవర్తి పేరు మీద చమత్కారం. గుర్తుగా మంటల్లో కొలోసియం బొమ్మ వేశారు, అది కట్టడం మొదలైంది నీరో పోయాక. సరే, బొమ్మ బాగుంటుంది.

మొదటి నవరాత్రికి నేను రాసిన సీడీలో శ్లోకం ఒక ట్రాకు, దాన్ని అంటుకునే వచ్చే ప్రవేశ దరువు ఇంకో ట్రాకు. సాధనలో వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని విడదీశాను. ఒక్కో ట్రాకూ విడిగా రాసే పద్ధతిలో నీరో రెండింటి మధ్యా రెండు సెకన్ల ఖాళీ పెడుతుందని నాకు తెలియదు. గుడి మండపంలో శ్లోకం చివర పిల్లలందరూ కుడికాలెత్తి నిలబడ్డారు. నిశ్శబ్దం. సగం మంది కాలు దించేశారు, సగం మంది దించలేదు. దరువు మొదలయ్యేసరికి ఏ ఇద్దరూ ఒకలా లేరు. రెండు సెకన్లంటే అంత పొడుగుంటుందని నాకు అదివరకు తెలియదు. డిస్క్ మొత్తం ఒక్క ఊపున రాసే పద్ధతి ఎంచుకుని, ఖాళీ సున్నా చేయాలని ఆ రాత్రే నేర్చుకున్నాను.

దానికి సరిగ్గా తిరగబడ్డ సమస్య ఐటం చివర. సౌండు చూసే అన్న టీకో, ఫోనుకో పోతాడు. ఒక ఐటం అవగానే తర్వాతది దానంతటదే మొదలైపోతుంది, పిల్లలు తెరచాటున ఇంకా గజ్జెలు కట్టుకుంటూ ఉంటారు. ప్రతి ట్రాకు చివరా ఇరవై సెకన్లు నిశ్శబ్దం అతికించాను. అదీ చాలక, ఐటానికొక సీడీ అని నియమం పెట్టుకున్నాను. డబ్బు దండగ అని మా ఆయన అనేవారు. ఒకే సీడీలో పది ఐటాలు పెట్టి, తెర వెనక నుంచి "ఆరు కాదు, ఏడు, ఏడు!" అని వేళ్ళు చూపించిన తల్లికి తెలుస్తుంది ఏది దండగో. మళ్ళీ మళ్ళీ రాసుకునే సీడీలు పాత ప్లేయర్లు చదవలేకపోయేవి, అవి మానేశాను. రాశాక మూత వేయకపోతే, అంటే ఫైనలైజ్ చేయకపోతే, మన కంప్యూటర్లో తప్ప ఎక్కడా పాడదు. 52 రెట్ల వేగంతో రాయగలిగే రైటరైనా నేను 16 దాటించలేదు. శాస్త్రమో చాదస్తమో, ఆ పదహారుతో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది వచ్చింది పెన్నుతో. 2007 డిసెంబరు, టీ నగర్ వైపు ఒక హాలు. బయల్దేరే ముందు చూస్తే మార్కర్ ఎండిపోయింది. చేతికందిన బాల్‌పాయింట్ పెన్నుతో తిల్లానా సీడీ మీద గట్టిగా ఒత్తి పేరు రాశాను, పైభాగం మీదే కదా అని. ఐదుగురు అమ్మాయిలు, మా అమ్మాయితో సహా, వేదిక మీద. రెండో నిమిషంలో 'తఝెం తఝెం తఝెం' అంటూ అక్కడే ఆగిపోయింది. సౌండు అన్న నా వైపు చూసి అరిచాడు, "అమ్మా, సీడీ ఓడల!" తమిళంలో ఓడటమంటే పరిగెత్తడం, మనకేమో ఓడిపోవడం. ఆ నిమిషాన నాకు రెండూ ఒకటే. టీచర్ గారు చేతిసంచిలోంచి తాళాలు తీసి, పక్కతెర దాటి ఒక అడుగు ముందుకొచ్చి, నోటితో జతి అందుకున్నారు. అమ్మాయిలు ఆగలేదు. మైకు లేకుండానే ఆవిడ గొంతు ఆఖరి వరస దాకా వినబడింది. ఐటం ముగించే తీర్మానం మూడుసార్లూ పడ్డాక నేను ఊపిరి తీసుకున్నాను.

అద్దంలా మెరిసే కిందివైపే సీడీకి సున్నితమని మనందరి భ్రమ. ఆ వైపు 1.2 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టిక్ ఉంటుంది, చిన్న గీతలని అది ఓర్చుకుంటుంది. పాట ఉండే పొర పైన, మనం పేరు రాసే వైపు, పల్చటి లక్క పూత కింద ఉంటుంది. పెన్ను ములికితో నేను రాసింది పాట మీదే. ఆ తర్వాత సీడీలు మూడేసి కాపీలు. ఒకటి సౌండు అన్నకి, ఒకటి టీచర్ గారికి, ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో. రాత మెత్తటి మార్కర్‌తో, అదీ మధ్య చిల్లు చుట్టూ ఉండే ఖాళీ వలయం మీద. ఆ ఏడాది నుంచే అనుకుంటా, క్లాసు పిల్లలు నన్ను ఇంటి పేరుతో పిలవడం మానేసి సీడీ ఆంటీ అనడం మొదలుపెట్టారు.

ఆపైన పెన్‌డ్రైవులొచ్చాయి, తర్వాత ఫోన్లొచ్చాయి. 2013 నాటికి నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. టీచర్ గారు ఇప్పుడు లేరు.

కొత్త డ్రైవులో ఆదివారమంతా సీడీలు మారుస్తూ కూర్చున్నాను. కిటికీ పక్కన గోడకి వేలాడిన ప్లాస్టిక్ పౌచ్‌లో ఉండి తర్వాత పెట్టెలోకి వెళ్ళినవి ఎక్కువగా పోయాయి. ఇంట్లో రాసుకునే సీడీల్లో పాటని పట్టుకునేది ఒక రంగు పొర, దానికి వెలుతురంటే పడదు. పేరులేని చవకరకం కొన్నిటికైతే వెండి పొర మిఠాయి మీద రేకులా ఊడి వేళ్ళకి అంటింది. మొదటినుంచీ చీకట్లో, అట్ట కవర్లలో ఉన్నవి చక్కగా చదివింది. చదివినవన్నీ ఫ్లాక్ అనే రకం ఫైళ్ళుగా దాచాను. చోటు దాదాపు సగమే పడుతుంది, ఒక్క అంకె కూడా పోదు.

'తరంగం, పోటీ, 8 ని.' అని రాసిన సీడీ చదవలేదు. మూడు కాపీల్లో ఒక్కటే మిగిలింది, అదీ పోయింది. అయితే టీచర్ గారి స్టూడియో సీడీకి మొదట్లో నేను తీసిన కాపీ మాత్రం మొత్తం వచ్చింది. కోత లేని తరంగం, 9 నిమిషాల 10 సెకన్లు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి అమ్మాయికి లింకు పంపాను. ఇదే ఇంకా మంచిది కదా అనుకున్నాను.

రాత్రి ఫోను. "అమ్మా, ఇందులో ఏదో ఎక్కువుంది. రెండుసార్లు పళ్ళెం దిగేశాను, పాట ఇంకా నడుస్తూనే ఉంది."

కోసిన సంగతి చెప్పాను. పన్నెండు ఆవర్తనాలు, పోటీ, ఎనిమిది నిమిషాలు. తొడ మీద తాళం వేసింది నువ్వే కదే అన్నాను. దానికి గుర్తు లేదు. దానికి తెలిసిన తరంగం 7 నిమిషాల 58 సెకన్లదే. పిల్లలకి నేర్పిందీ అదే. "అదే వెంపటి వారి బాణీ అనుకున్నానే" అంది. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు మళ్ళీ కూర్చున్నాను. ఎనిమిది ఆవర్తనాలు అరగంటలో అయిపోయాయి. ఆఖరి నాలుగూ ఈసారి వదలదలచుకోలేదు. ఇప్పుడు హెడ్‌ఫోన్లు మంచివి, పక్కన ఉడుకుతున్న పప్పూ లేదు. వేణువు సాగిన భాగాన్ని అవతలి ఆవర్తనంలో అదే స్వరం మీద పడేలా కలిపి, కొద్దికొద్దిగా ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచాను. అతుకు నాకే దొరకలేదు. పదిహేడేళ్ళ కిందట మూడు రాత్రుల్లో చేయలేనిది గంటన్నరలో అయింది. గర్వంగా పంపాను.

అది విని, "అంతా బాగుంది. దిగే ముందు వేణువు టక్కున ఆగేది కదా, అదేమైంది?" అంది.

"అది తప్పే తల్లీ. అప్పుడు కుదరలేదు, ఇప్పుడు సరిచేశాను."

"తప్పేంటి? అక్కడేగా చూపు తిప్పేది. వేణువు ఆగింది, ఎవరో వస్తున్నారేమోనని కృష్ణుడు పక్కకి చూడాలి. టీచర్ గారే పెట్టించారు."

పోనీలే అన్నావిడ, ఊరికే పోనివ్వలేదన్నమాట. కంట్రోల్ జెడ్ నొక్కుకుంటూ వెనక్కి వెళ్ళి, వేణువుని మళ్ళీ మధ్యలో తెంపి పంపాను.